ఉన్నతపాఠశాల సేవాసంఘాలు: స్వచ్ఛందత, నిర్బంధం, గంటల లెక్క

వ్యాససంగ్రహం:

ఉన్నతపాఠశాల స్థాయిలో పనిచేసే విద్యార్థి సేవాసంఘాల పుట్టుకను, పనితీరును వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. 1925లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాక్రమెంటోలో మొదలైన కీ క్లబ్‌ను ఇది ప్రధానోదాహరణగా తీసుకుంటుంది. విద్యార్థి చేసే పని ఎప్పుడు సేవ అవుతుంది, ఎప్పుడు నిర్బంధశ్రమగా మారుతుంది అన్న ప్రశ్నను అమెరికా న్యాయస్థానాల తీర్పుల వెలుగులోనూ, భారతదేశంలో జాతీయ సేవాపథకానికి ముందు జరిగిన చర్చల నేపథ్యంలోనూ పరిశీలిస్తుంది. పనిని ఎంచుకొనే అధికారం ఎవరిదన్నది ఈ రెండింటినీ వేరుచేసే ముఖ్యాంశమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: విద్యార్థిసేవ, కీ క్లబ్, ఇంటరాక్ట్, జాతీయ సేవాపథకం, వెట్టి, స్వచ్ఛందత.

1. ఉపోద్ఘాతం:

1923 డిసెంబరులో కాకినాడలో భారత జాతీయ కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. వాటితోపాటు ఖద్దరు ప్రదర్శన కూడా ఏర్పాటైంది. ప్రదర్శనశాల ద్వారం దగ్గర టికెట్లు పరిశీలించే బాధ్యత రాజమండ్రి నుంచి వచ్చిన 14 ఏళ్ల వాలంటీరుకు అప్పగించారు. టికెట్టు లేకుండా వచ్చిన జవాహర్‌లాల్ నెహ్రూను ఆ బాలిక లోనికి పోనివ్వలేదు. నిర్వాహకులు మందలించినా తనకు చెప్పిన నియమమే పాటించానన్నది. వారు టికెట్టు కొన్న తరువాతనే ఆయనను లోనికి పంపింది. ఆ బాలికే తరువాతి కాలంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా ప్రసిద్ధురాలైంది.

ఈ సంఘటనను సాధారణంగా ఆమె ధైర్యానికి నిదర్శనంగా చెబుతారు. విద్యార్థిసేవను పరిశీలించేవారికి ఇందులో మరో అంశం ముఖ్యం. ఆ బాలికను ఎవరూ అక్కడికి బలవంతంగా పంపలేదు. అప్పటికే ఆమె రాజమండ్రిలో బాలికలకు హిందీ నేర్పే పాఠశాలను నడుపుతోంది. స్వయంగా కోరుకొన్న పని కాబట్టి దాని నియమాన్ని కూడా తనదిగానే భావించింది. పెద్దలు అప్పగించిన పని పిల్లల సొంత పనిగా మారే ఈ స్థితి ఎలా సాధ్యమవుతుందన్నది సేవాసంఘాల చరిత్ర అంతటా వినిపించే ప్రశ్న.

2. సేవ, వెట్టి, వాలంటీరు:

ఈ విషయాన్ని చర్చించే తెలుగు మాటలకే ఒక బరువు ఉంది. ‘సేవ’ అన్న సంస్కృతపదం తెలుగులో ముందుగా దేవాలయాన్ని గుర్తుకు తెస్తుంది. సుప్రభాతసేవ, ఏకాంతసేవ వంటివి భక్తుడు దైవానికి సమర్పించేవి. అదే అర్థక్షేత్రంలోని ‘ఊడిగం’ నేటి వ్యవహారంలో హీనార్థంలో మిగిలింది. ‘ఊడిగం చేయడం’ అంటే ఆత్మగౌరవం చంపుకొని మరొకరికి లొంగి ఉండడమే. ఇక ‘వెట్టి’ తెలంగాణ గ్రామచరిత్రలో మానని గాయం. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగింది. ఆ మహాసభల ఉద్యమం ఎదుర్కొన్న ప్రధానసమస్యల్లో వెట్టిచాకిరి ఒకటి. దొరకు, అధికారికి కూలి లేకుండా పనిచేయవలసిన కులాలకు ‘ఉచితంగా పనిచేయడం’ ఎన్నడూ పుణ్యకార్యంగా కనిపించలేదు.

స్వాతంత్ర్యోద్యమకాలంలో గౌరవవాచకంగా వచ్చిన ‘వాలంటీరు’ కూడా అర్థం మార్చుకొంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి అది నెలకు 5,000 రూపాయల గౌరవవేతనంతో నియమితులైన గ్రామ, వార్డు వాలంటీర్లకు పేరైంది. ఒకే మాట ఒక శతాబ్దంలో ఉద్యమం నుంచి నియామకానికి ప్రయాణించింది.

కూలి లేకపోవడం అన్నది సేవకూ వెట్టికీ సమానలక్షణమే. కాబట్టి వీటిని వేరుచేసే అంశాన్ని మరోచోట వెదకాలి. కాకినాడ సభలు ముగిసిన ఏడాదిన్నరలోపే అమెరికాలోని ఒక పాఠశాలలో మొదలైన ప్రయోగం ఇందుకు ఉపకరిస్తుంది.

3. శాక్రమెంటోలో కీ క్లబ్:

కివానిస్ అన్నది రోటరీ, లయన్స్ వంటిదే అయిన ఒక సేవాసంస్థ. శాక్రమెంటో కివానిస్ క్లబ్ సభ్యులైన ఆల్బర్ట్ ఓల్నీ, ఫ్రాంక్ విన్సెంట్ ఇద్దరూ విద్యారంగానికి చెందినవారు. ఆనాటి అమెరికన్ ఉన్నతపాఠశాలల్లో రహస్యంగా నడిచే విద్యార్థిముఠాలు వారికి ఆందోళన కలిగించాయి. వాటికి ప్రత్యామ్నాయంగా శాక్రమెంటో ఉన్నతపాఠశాలలో 1925 మే 7న విద్యార్థుల క్లబ్ మొదలైంది. పాఠశాలకు కీలకమైన విద్యార్థుల సంఘమన్న భావంతో దానికి ‘కీ’ అన్న పేరు వచ్చింది.

మొదట్లో ఇందులో సేవ కన్నా వృత్తిపరిచయమే ఎక్కువ. పట్టణంలోని వ్యాపారులు, వృత్తినిపుణులు మధ్యాహ్నభోజనసమయంలో వచ్చి విద్యార్థులతో మాట్లాడేవారు. సేవాకార్యక్రమాలు తరువాత క్రమంగా ప్రధానమయ్యాయి. అంటే నేడు ప్రపంచంలోని పెద్ద పాఠశాల సేవాసంఘాల్లో ఒకటైన ఈ సంస్థ సేవాదర్శంతోనే పుట్టిందనడం చారిత్రకంగా సరికాదు. పిల్లలను చెడుసావాసం నుంచి తప్పించాలన్న పెద్దల కోరిక, మంచి ఉద్యోగమార్గం తెలుసుకోవాలన్న పిల్లల కోరిక కలిసి దానిని పుట్టించాయి.

కీ క్లబ్ నిర్మాణంలో గమనించవలసినది నాయకత్వం. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి మొదలైనవారందరూ విద్యార్థులే. ఒక ఉపాధ్యాయుడు, ఒక కివానిస్ సభ్యుడు సలహాదారులుగా మాత్రమే ఉంటారు. కొన్ని పాఠశాలలకు కలిపి ఉండే విభాగం, దానిపైన డిస్ట్రిక్ట్, అన్నింటిపైన అంతర్జాతీయ సంస్థ అనే అంచెలన్నింటిలోనూ పదవులకు విద్యార్థులే పోటీచేస్తారు. విద్యార్థి ప్రతినిధులే ఓటు వేస్తారు. అంతర్జాతీయ అధ్యక్షపదవిలో ఉండేది కూడా ఒక ఉన్నతపాఠశాల విద్యార్థే.

ఈ స్వపరిపాలన అలంకారప్రాయమైనదేనా అన్న అనుమానం రావడం సహజం. 1977 నాటి నిర్ణయం దానికి సమాధానమిస్తుంది. అంతవరకు కీ క్లబ్ బాలురకే పరిమితం. 1977లో బాలికలకు సభ్యత్వం లభించింది. మాతృసంస్థ అయిన కివానిస్‌లో స్త్రీలకు సభ్యత్వం వచ్చింది 1987లో. అదే ఏడాది రోటరీ స్త్రీలను మినహాయించడాన్ని కాలిఫోర్నియా చట్టం నిషేధించవచ్చని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెద్దలు పదేళ్ల తరువాత, అదీ కాలం తోసుకువస్తుండగా చేసిన పనిని వారి సంరక్షణలోని పిల్లల సంఘం ముందే చేసింది. శిక్షణ ఇచ్చినవారికన్నా శిక్షణ పొందినవారు ముందు నడిచిన ఈ సందర్భం కీ క్లబ్ సేకరించిన విరాళాలన్నింటికన్నా విలువైనదని చెప్పవచ్చు.

4. ఇంటరాక్ట్:

రోటరీ ఆధ్వర్యంలోని ఇంటరాక్ట్ 1962లో ఫ్లోరిడాలోని మెల్బోర్న్ ఉన్నతపాఠశాలలో 23 మంది విద్యార్థులతో మొదలైంది. రెండవ ఇంటరాక్ట్ క్లబ్ భారతదేశంలోని తంజావూరులో ఏర్పడింది. 12 నుంచి 18 ఏళ్ల వయసువారు ఇందులో సభ్యులు. ప్రతి క్లబ్ ఏడాదికి కనీసం రెండు కార్యక్రమాలు చేపట్టాలి. ఒకటి స్థానికసమాజానికి గాని పాఠశాలకు గాని ఉపయోగపడాలి. రెండవది అంతర్జాతీయ అవగాహనను పెంచాలి. ఆ కార్యక్రమాలేమిటన్నది క్లబ్బే నిర్ణయించుకొంటుంది.

5. న్యాయస్థానం ముందుకు వచ్చిన ప్రశ్న:

క్లబ్బులో చేరడం ఐచ్ఛికం. కానీ అమెరికాలో కొన్ని ప్రాంతాలు సేవను ఉత్తీర్ణతకే షరతుగా మార్చాయి. మేరీలాండ్ రాష్ట్రం ఉన్నతపాఠశాల పట్టాకు 75 గంటల సేవాభ్యసనాన్ని తప్పనిసరి చేసింది. పెన్సిల్వేనియాలోని బెత్లెహెమ్ ప్రాంతపు విద్యామండలి నాలుగేళ్లలో 60 గంటల సమాజసేవ చేయాలన్న నిబంధన పెట్టింది. దానిని ఇద్దరు విద్యార్థులు, వారి తల్లిదండ్రులు న్యాయస్థానంలో ప్రశ్నించారు. ఇష్టం లేని పనిని కూలి లేకుండా చేయించడం బానిసత్వాన్ని, నిర్బంధదాస్యాన్ని రద్దుచేసిన 13వ రాజ్యాంగసవరణకు విరుద్ధమన్నది వారి వాదనల్లో ఒకటి. 1993లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం ఆ వాదనను తిరస్కరించింది. ఆ పని ప్రధానంగా విద్యార్థి విద్య కోసం ఉద్దేశించినదనీ, దానిని దాస్యంతో పోల్చలేమనీ భావించింది. న్యూయార్క్ రాష్ట్రంలో 40 గంటల నిబంధనపై వచ్చిన వివాదంలోనూ 1996లో మరో అప్పీలు న్యాయస్థానం ఇదే మార్గంలో నడిచింది.

చట్టం దృష్టిలో ఈ తీర్పులు సమంజసమే. అయితే 60 గంటల పని దాస్యం కానంత మాత్రాన అది సేవ అయిపోదు. ఈ రెండింటి మధ్య ఉన్న స్థితికి తెలుగులో చక్కని మాట ఉంది. మొక్కు తీర్చుకోవడాన్ని తెలిపే ‘మొక్కుబడి’ కాలక్రమంలో మనసు పెట్టకుండా చేసే పనికి పర్యాయపదమైంది. నిర్బంధసేవలోని అసలు ప్రమాదం దాస్యం కన్నా మొక్కుబడితనమే.

6. భారతదేశంలో జరిగిన చర్చ:

మూడు దశాబ్దాల ముందే ఈ ప్రశ్న భారతదేశంలో వచ్చింది. 1959లో కేంద్రప్రభుత్వం సి.డి. దేశ్‌ముఖ్ అధ్యక్షతన ఒక కమిటీని నియమించింది. ఉన్నతపాఠశాల విద్య ముగించి కళాశాలలో చేరదలచిన విద్యార్థులందరికీ తొమ్మిది నెలల నుంచి ఏడాది వరకు జాతీయసేవను తప్పనిసరి చేయాలని ఆ కమిటీ సూచించింది. ఆర్థికభారం, అమలులోని కష్టాల వల్ల ఆ సూచన ఆగిపోయింది. తరువాత వివిధదేశాల్లోని యువజనసేవను అధ్యయనం చేసిన కె.జి. సయ్యదైన్ స్వచ్ఛందపద్ధతినే సమర్థించాడు. చివరకు 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి సంవత్సరంలో, నాటి విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవాపథకాన్ని ప్రారంభించాడు. తరువాత అది ప్లస్ టూ స్థాయికి కూడా విస్తరించింది. వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి, ఏడురోజుల ప్రత్యేకశిబిరంలో పాల్గొనాలి. ఆ కమిటీ అధ్యక్షుడు 1953లో దుర్గాబాయిని వివాహమాడిన దేశ్‌ముఖే కావడం చరిత్రలోని ఒక చిత్రమైన కలయిక.

రాజ్యాంగంలోని 23వ అధికరణం ఇక్కడ గమనార్హం. దాని మొదటి భాగం వెట్టిని నిషేధిస్తుంది. రెండవ భాగం ప్రజాప్రయోజనం కోసం రాజ్యం నిర్బంధసేవను విధించడానికి వీలు కల్పిస్తూనే, మతం, జాతి, కులం, వర్గం మాత్రమే ఆధారంగా అందులో వివక్ష చూపరాదంటుంది. అమెరికన్ తీర్పులు ‘నిర్బంధం ఉందా?’ అని అడిగాయి. ఈ అధికరణం ‘ఎవరిపై పడుతోంది?’ అని కూడా అడుగుతుంది. భారతీయ పాఠశాలకు ఈ రెండవ ప్రశ్న మరింత అవసరం. తరగతిగదిని ఊడ్చడం, మరుగుదొడ్డిని కడగడం వంటి పనులు ఏ పిల్లలకు పడుతున్నాయన్నది చూడకుండా పరిశుభ్రతా కార్యక్రమాన్ని సేవ అనలేము. పారిశుద్ధ్యకార్మికుని బిడ్డ చేతిలోని చీపురు, అధికారి బిడ్డ ఛాయాచిత్రం కోసం పట్టుకొన్న చీపురు ఒకటి కావు. అందరికీ వంతులు సమానంగా వేసిన చోట మాత్రం అదే చీపురు మంచి పాఠం చెప్పగలదు.

7. గంటల లెక్క:

సంఘమైనా పథకమైనా సేవను గంటల్లో నమోదు చేస్తాయి. ప్రమాణపత్రానికి అది అవసరమే. కానీ గంట అన్ని పనులనూ సమానం చేస్తుంది. వనమహోత్సవం నాడు పది మంది విద్యార్థులు గంటలో ఇరవై మొక్కలు నాటితే పుస్తకంలో పది గంటల సేవ నమోదవుతుంది. ఏప్రిల్, మే నెలల ఎండలో రోజూ పావుగంటసేపు ఆ మొక్కలకు నీళ్లు పోసే విద్యార్థి సెలవుల్లో ఉంటాడు కాబట్టి అతని శ్రమ లెక్కలోకే రాకపోవచ్చు. మొక్క బతికేది మాత్రం అతని వల్లనే. చిన్నతరగతి పిల్లవానికి వారానికోసారి చదవడం నేర్పే పని కూడా ఇటువంటిదే. ఒక వారం మానేస్తే అక్కడ ఎదురుచూసే పిల్లవాడు ఒకడుంటాడు. సంఘం తన సమావేశంలో ఏ పనిని ఎంచుకొన్నదో, మధ్యలో దానిని ఎందుకు మార్చుకొన్నదో తెలిపే తీర్మానాల పుస్తకం గంటల పట్టిక కన్నా ఎక్కువ చెబుతుంది.

అమెరికాలోని తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ గంటలు మరో విధంగా ముఖ్యమవుతున్నాయి. అక్కడి అనేక విశ్వవిద్యాలయాలు అంగీకరించే కామన్ యాప్ దరఖాస్తులో విద్యార్థి పది వరకు పాఠ్యేతర కార్యక్రమాలను పేర్కొనవచ్చు. ఒక్కొక్కదానికి వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అన్నది కూడా రాయాలి. కీ క్లబ్, ఇంటరాక్ట్ సభ్యత్వాలు చేరేది ఆ గడుల్లోకే. దరఖాస్తు కోసమే చేరారని పిల్లలను తప్పుపట్టడం తొందరపాటు. 1925లో శాక్రమెంటో బాలురు కూడా ఉద్యోగమార్గం తెలుసుకోవడానికే వచ్చారు. ఏ ఉద్దేశంతో చేరినా, ఆహారబ్యాంకులో డబ్బాలు సర్దడమా, వృద్ధాశ్రమానికి వెళ్లడమా అని సభలో వాదించి ఓటు వేసిన విద్యార్థి ఆ పనికి కొంతైనా బాధ్యుడవుతాడు.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. ఇంజనీరింగు ప్రవేశాన్ని నిర్ణయించే ఎప్‌సెట్, జె.ఇ.ఇ. ర్యాంకుల్లో సేవాగంటకు స్థానం లేదు. ఉదయం నుంచి రాత్రి వరకు స్టడీ అవర్లతో నిండిన రెసిడెన్షియల్ ఇంటర్ విద్యార్థి రోజులో ఆ గంటకు చోటూ లేదు. ప్రతిఫలం లేకపోవడం వల్ల ఇక్కడ చేరే విద్యార్థి అమెరికన్ విద్యార్థి కన్నా స్వచ్ఛందుడని ఒక వైపు వాదించవచ్చు. కోరుకొనే అవకాశమే లేనివానికి స్వచ్ఛందత ఎక్కడిదని మరో వైపు అడగవచ్చు. జూనియర్ కళాశాలల్లోని జాతీయ సేవాపథకం యూనిట్లలో శిబిరం జరిగే గ్రామాన్ని, అక్కడ చేసే పనిని ఎవరు ఎంచుకొంటున్నారు, ఆ ఎంపికలో బాలికల మాట ఎంతవరకు చెల్లుతోంది, ఏ పని ఎవరికి అప్పగిస్తున్నారు అన్నవి యూనిట్ల దినచర్యల ఆధారంగా క్షేత్రపరిశోధన చేయదగిన అంశాలు.