చేపల తొట్టి పుట్టుపూర్వోత్తరాలు

1849లో లండన్‌లోని అపోతికరీస్ హాల్‌లో పనిచేస్తున్న రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త, ఒక పెద్ద గాజు పాత్రలో నీళ్లు పోసి రెండు గోల్డ్‌ఫిష్‌లను వదిలాడు. అడుగున ఇసుక, మట్టి వేసి వాలిస్నేరియా అనే నీటిమొక్కను నాటాడు. పొడుగ్గా సాగే ఆకులతో నీటి అడుగున పెరిగే ఈ మొక్క మన దేశపు చెరువుల్లోనూ ఉంటుంది. చేప వదిలిన బొగ్గుపులుసు వాయువును మొక్క తీసుకుంటుంది, మొక్క వదిలిన ప్రాణవాయువును చేప పీల్చుకుంటుంది, ఇక నీళ్లు మార్చే పనే ఉండదని ఆయన ఆలోచన.

కొన్నాళ్లు అంతా సవ్యంగానే సాగింది. తర్వాత ముదురు ఆకులు కుళ్లడం మొదలైంది. నీళ్లు మురికిపట్టాయి, గాజుకు పాచి కట్టింది. వారింగ్టన్ నీళ్లు పారబోయలేదు, చెరువు నత్తలను తెచ్చి వేశాడు. అవి కుళ్లిన ఆకులనూ పాచినీ తినేశాయి, గుడ్లు పెట్టాయి, పిల్లలను చేశాయి. వాటిని చేపలు తిన్నాయి. నన్నడిగితే తొట్టి చరిత్రలో అన్నిటికన్నా గొప్ప ఆలోచన ఈ నత్తలే. 1850లో ఆయన ఈ ప్రయోగాన్ని కెమికల్ సొసైటీ ముందుంచాడు.

గాజు పెట్టెల్లో జలచరాలను పెంచడం అంతకుముందు లేకపోలేదు. 1832లోనే సిసిలీ తీరంలో జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి మహిళ సముద్రజీవులను పరిశీలించడానికి గాజు తొట్లు చేయించుకుంది. కానీ తొట్టి ఇళ్లలోకి వచ్చింది మాత్రం వారింగ్టన్ తర్వాతే. 1845లో బ్రిటన్ గాజు మీద పన్ను ఎత్తేయడంతో గాజు చౌకైంది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో జనానికి తొట్ల పిచ్చి పట్టుకుంది.

అయితే వారింగ్టన్ లెక్కలో ఒక పద్దు తప్పిపోయింది. చేప మొప్పల గుండా నిరంతరం అమ్మోనియా వదులుతుంది. మిగిలిన మేత కుళ్లినా వచ్చేది అదే. అది కొంచెం పెరిగినా చేపకు విషం. కొంత మొక్కలు పీల్చుకుంటాయి, మరి మిగతాది ఏమవుతోంది?

దీని జాడ పట్టినవారిలో ఆయన కొడుకే ఒకడు. తండ్రి తొట్టి పెట్టేనాటికి ఆ పిల్లవాడికి పది పదకొండేళ్లు. పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. పెద్దయ్యాక రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఏళ్ల తరబడి మట్టిని పరీక్షించాడు. అమ్మోనియా ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుతుందనీ, ఈ రెండు పనులూ చేసే సూక్ష్మజీవులు వేరువేరనీ తేల్చాడు. వాటిని విడదీయడం మాత్రం ఆయన వల్ల కాలేదు. అప్పట్లో సూక్ష్మజీవులను జెలటిన్ మీద పెంచేవారు, ఇవేమో జెలటిన్ మీద పెరగవు. 1890 ప్రాంతంలో జ్యూరిక్‌లో సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ సేంద్రియ పదార్థం లేని ద్రవంలో వాటిని పెంచి చూపించాడు. తండ్రి తొట్టిలోని ఇసుకలోనూ ఇలాంటి జీవులే చేరి ఉంటాయి.

ఆ తర్వాత తొట్టి రూపం చాలా మారింది. ఇనుప చట్రం, లప్పం పోయి 1960ల తర్వాత సిలికాన్ అతుకులు వచ్చాయి. ఎయిర్ పంపు, హీటర్ వచ్చాయి. వీటన్నిటిలో నాకు ఇష్టమైనది స్పాంజి ఫిల్టర్. ఒక స్పాంజి ముక్క, దాని మధ్యలో నిలువు గొట్టం, అంతే. బయట పెట్టిన పంపు సన్నని పైపు గుండా గొట్టం అడుగుకు గాలి పంపుతుంది. బుడగలు కలిసిన నీరు చుట్టూ ఉన్న నీటికన్నా తేలికై గొట్టంలో పైకి లేస్తుంది. ఆ చోటిని నింపడానికి స్పాంజి రంధ్రాల గుండా కొత్త నీరు వస్తూనే ఉంటుంది. నీళ్లలో తిరిగే భాగం ఒక్కటీ లేదు. ఆ రంధ్రాల గోడల మీదే సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. స్పాంజిని పిండితే గోధుమరంగు మడ్డి దిగుతుంది. అది కంపుగా ఉందని కుళాయి కింద కడిగితే, నీటిలోని క్లోరిన్ ఆ జీవులను చంపేస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే మెల్లగా పిండాలి.

మనం ఫైటర్ అని పిలిచే బెట్టా చేపకు ఇంతకన్నా మంచి యంత్రం లేదు. పొడవాటి రెక్కల వల్ల అది ఉధృతమైన ప్రవాహానికి తట్టుకోలేదు. స్పాంజి ఫిల్టర్ నీటిని నెమ్మదిగా కదుపుతుంది. దుకాణాల్లో ఈ చేపను గ్లాసెడు నీళ్లలో పెట్టి అమ్ముతారు, ఫిల్టర్ అక్కర్లేదంటారు. దీనికి మూలం దాని శ్వాసలో ఉంది. మొప్పల పైన మడతలు మడతలుగా ఉండే ఒక అవయవంతో అది నీటిపైకి వచ్చి గాలి పీలుస్తుంది. మన చేపల బజారులో కొరమీను కాసిని నీళ్లలో గంటల తరబడి బతికుండటానికి కారణమూ గాలి పీల్చే శక్తే. కానీ ఆ శక్తి ప్రాణవాయువు కొరతను తీరుస్తుందే తప్ప, అమ్మోనియాను తొలగించదు. 2019లో ఈ చేపను జాతీయ జలచరంగా ప్రకటించిన థాయిలాండ్‌లో అది ఉండేది వరిమళ్లలో, కాలువల్లో. నీళ్లు లోతు తక్కువే గానీ అక్కడ మొక్కలున్నాయి, బురద ఉంది, ఆ బురదలో సూక్ష్మజీవులున్నాయి. గ్లాసులో అవేవీ లేవు. బతికి ఉంది కదా అని దాన్ని అలా ఉంచడం అన్యాయం.

20 లీటర్ల తొట్టి, స్పాంజి ఫిల్టర్, మూత, చిన్న హీటర్ ఉంటే చాలు. మూత తప్పనిసరి, ఇది ఎగిరి దూకే చేప. నీరు 26 డిగ్రీల దగ్గర ఉండాలి, డిసెంబరు రాత్రుల్లో హైదరాబాద్‌లో హీటర్ లేకుండా కుదరదు. కుళాయి నీళ్లయితే క్లోరిన్ విరిచే చుక్కలు కలపండి. చేపను మాత్రం వెంటనే తేవద్దు. రోజూ చిటికెడు మేత వేస్తూ ఫిల్టర్ నడపండి. టెస్ట్ కిట్‌తో చూస్తుంటే అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తర్వాత నైట్రైటు పెరిగి తగ్గుతుంది. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెలిసినవాళ్ల పాత తొట్టిలోంచి స్పాంజి ముక్క దొరికితే ఇంకా త్వరగా అవుతుంది. ఆ రెండూ సున్నాకొచ్చి నైట్రేటు కనిపించాక ఒక్క మగ చేపను తెచ్చుకోండి. రెండోది వద్దు, కొట్టుకుంటాయి. నైట్రేటును ఈ సూక్ష్మజీవులు ఏమీ చేయవు. మొక్కలుంటే అవి తీసుకోగా మిగిలినది పేరుకుపోకుండా వారానికోసారి పావు వంతు నీళ్లు తీసి, అదే వెచ్చదనం ఉన్న కొత్త నీళ్లు పోయండి.