కదలని కారుకి కాళ్లు కావాలి!

మాడుగుల పేరు చెబితే ఎవరికైనా ముందు హల్వా గుర్తొస్తుంది. గోధుమ పాలు, నెయ్యి, జీడిపప్పు... ఆ వాసన తగలకుండా బజారు దాటడం కష్టం. మా ఇంట్లోవాళ్లకి మాత్రం దాంతోపాటు ఇంకోటి కూడా గుర్తొస్తుంది. పెరట్లో రేకుల షెడ్డు, దాని కింద తెల్ల అంబాసిడర్. పెదనాన్న కారు.

ఆయన పోయాక దాన్ని నడిపినవాళ్లు లేరు. పద్నాలుగేళ్లు అలాగే ఉండిపోయింది. ఈలోగా జిల్లాయే మారిపోయింది. 2022లో మాడుగుల విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. కారు మాత్రం అంగుళం కదల్లేదు!

కదలాల్సిన రోజు రానే వచ్చింది. ఇల్లు అమ్మేశారు. సంక్రాంతి వెళ్లిన వారానికల్లా పెరడు ఖాళీ చేసివ్వాలన్నది ఒప్పందం. తుక్కు సామాన్లు కొనేవాళ్లు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లారు. ఇక్కడే ముక్కలు కోసి పట్టుకుపోతామన్నారు. పెద్దమ్మ ఒకటే మాటంది.
‘‘ఎవరికిచ్చినా సరే నాన్నా, కోసేవాళ్లకి మాత్రం ఇవ్వకు.’’

అనకాపల్లిలో అన్నయ్య ఇంటి వెనక చోటుంది. మోసుకెళ్లడానికి లారీ దొరుకుతుంది. కానీ షెడ్డు నుంచి లారీ దాకా కారు దొర్లాలి కదా! నాలుగు టైర్లూ నేలకి అతుక్కుపోయాయి. పక్క గోడలు ఎండిన చెరువులా బీటలు వారాయి.

గాలి నిలబడితే చాలు

కొత్త టైర్లు వేద్దామా అంటే నాలుగు టైర్లు, నాలుగు ట్యూబులు... వేలల్లో మాట. పోనీ అవేమైనా పరుగు తీస్తాయా? ఇంజను బాగయ్యేదాకా పడి ఉండాల్సిందే. పడి ఉన్న టైరు తిరిగే టైరులాగే ముసలిదవుతుంది. చోడవరంలో పంక్చరు షాపు పెద్దాయన ఆ మాటే అన్నాడు.
‘‘నడవని బండికి కొత్త టైర్లేటి బాబూ? రెండ్రోజులు గాలి నిలబడితే సాలదేటి?’’

నిజమే. రోడ్డు మీద పరుగెత్తే కారుకి గ్రిప్పు కావాలి. దొర్లించడానికి గ్రిప్పుతో పనిలేదు, అరిగి నున్నగా ఉన్నదైనా ఫర్వాలేదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. పక్క గోడలో దారాలు బయటపడకూడదు. రిమ్ముని పట్టుకునే అంచులోని తీగ తుప్పు పట్టి తెగి ఉండకూడదు. ఎక్కడా బుడిపెలు ఉండకూడదు. టైరు వయసు తెలుసుకోవడానికీ ఓ గుర్తుంది. 2000 తర్వాత తయారైనవాటికి పక్కన నాలుగంకెలు అచ్చు వేసి ఉంటాయి. 2314 అని ఉందంటే 2014లో ఇరవైమూడో వారంలో తయారైందని అర్థం.

సైజే అసలు చిక్కు

పాత టైర్లకేం, ఊరి నిండా ఉన్నాయి. హార్బరులో పడవల పక్కన వేలాడేవీ, రేకులు ఎగిరిపోకుండా ఇళ్ల మీద వేసేవీ, పిల్లలు కర్రతో దొర్లించేవీ అవే. మనకి కావలసినవే దొరకవు!

అంబాసిడర్‌కి పాతరోజుల్లో వచ్చిన టైరు 5.90-15. అంటే వెడల్పు సుమారు 5.9 అంగుళాలు, రిమ్ము 15 అంగుళాలు. ప్రీమియర్ పద్మినిది 5.20-14. పాత జీపుది 6.00-16. మారుతి 800ది పన్నెండు అంగుళాల రిమ్ము. వెడల్పులో కాస్త అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు కానీ, రిమ్ము కొలత దగ్గర బేరం కుదరదు. పదహారు అంగుళాల జీపు టైరు పదిహేను అంగుళాల రిమ్ము మీద కూర్చోదు.

ఒకప్పుడు ఏ ట్యాక్సీ స్టాండుకి వెళ్లినా ఈ టైర్లు దొరికేవి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారుని ఆధారం చేసుకుని హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో మొదలుపెట్టిన అంబాసిడర్, 2014 మే నెలలో బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీ మూతపడటంతో ఆగిపోయింది. 2017లో ఆ పేరుని ఫ్రాన్స్‌కి చెందిన పెజో సంస్థ 80 కోట్ల రూపాయలకి కొనుక్కుంది. పేరుకి కోట్లు వచ్చాయి, మనకి టైర్లు కరవయ్యాయి!

వెతికితే డిక్కీలోనే...

మొదటి టైరు ఎక్కడ దొరికిందో తెలుసా? డిక్కీలో! ఎండ తగలని స్టెప్నీ పెద్దగా పాడవలేదు. కొత్త ట్యూబు వేస్తే గాలి నిలబడింది. ఊరంతా తిరిగేముందు మన కారునే ఓసారి వెతుక్కోవాలన్నమాట.

మరో రెండు చోడవరంలో ఓ పాత ట్యాక్సీ యజమాని దగ్గర దొరికాయి. ఆయన కారు ఎప్పుడో తుక్కుకి వెళ్లింది, చక్రాలు మాత్రం అటక మీద ఉండిపోయాయి. రిమ్ముతో సహా ఒక్కోటి ఆరొందలు. ఇలా రిమ్ముతో దొరికితే అదృష్టమే. తుప్పు పట్టిన మన రిమ్ము నుంచి పాత టైరు ఊడదీసే బాధ తప్పుతుంది, నట్లు విప్పి నేరుగా బిగించేయొచ్చు.

నాలుగోది పంక్చరు షాపు వెనక గుట్టలో ఉంది. ముందు తీసినదానికి గాలి కొడుతుంటే ఓ పక్క బూరెలా పొంగింది. ‘‘పక్కకి జరగండి బాబూ’’ అని పెద్దాయన గబుక్కున గాలి తీసేశాడు. పాత టైరుకి గాలి కొట్టేటప్పుడు దాని పక్క గోడకి ఎదురుగా నిలబడకూడదు. పేలిందంటే ప్రాణం మీదికొస్తుంది. అందుకే కొద్దికొద్దిగా కొట్టి, ఆగి, చూసి మళ్లీ కొట్టాలి. రెండోది నిలబడింది. దానికి ఎంతివ్వమంటారంటే, ‘‘డబ్బులెందుకు? పని అయ్యాక తెచ్చిచ్చీండి’’ అన్నాడు.

జాకీ కింద చెక్క

టైర్లు వచ్చాయని సంబరపడితే సరిపోదు. తుప్పు పట్టిన నట్లకి ముందురోజు రాత్రే డీజిలు పట్టించాం. కారుని పైకి లేపకముందే వాటిని కాస్త వదులు చేసుకోవాలి. లేపాక బలం వేస్తే కారు జాకీ మీంచి జారిపోతుంది. పెరట్లో నేల మెత్తన కాబట్టి జాకీ కింద మందపాటి చెక్క వేశాం. కారు కింద ఆసరాకి చెక్క దిమ్మలే పెట్టాలి, ఇటుకలు వద్దు. ఇటుక చెప్పకుండా పగులుతుంది. మిగిలిన చక్రాలకి అడ్డు పెట్టి, ఒకసారి ఒక చక్రమే మార్చాలి.

నాలుగూ మార్చి తోశాం. కారు కదిలితేనా! పద్నాలుగేళ్ల కిందట పెదనాన్న లాగిన హ్యాండ్‌బ్రేకు ఇంకా అలాగే ఉంది. దాన్ని దించినా వెనక చక్రాలు వదల్లేదు, బ్రేకు చెప్పులు డ్రమ్ములకి కరుచుకుపోయాయి. మెకానిక్ తీగ వదులు చేసి, కొయ్య సుత్తితో డ్రమ్ము చుట్టూ తట్టాక ‘టక్’మని విడిచిపెట్టాయి.

తాడు కట్టి లాక్కుపోదామని ఎవరో సలహా ఇచ్చారు. బ్రేకుల్లేని బండి, ముందు బండి ఆగినా తాను ఆగదు. లారీ మీదికి ఎక్కించడమే క్షేమం. దొర్లించేటప్పుడు కూడా ఒకరు చక్రం వెంటే చెక్క పట్టుకుని నడిచారు.

ముక్కలు చేస్తే తిరిగి రాదు

ఇంత తాపత్రయం ఎందుకంటారా? హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఒకటుంది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. చేయించమన్న ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లోనే కన్నుమూశారు. కారు మాత్రం వందేళ్లు దాటినా జనం చూడటానికి నిలబడి ఉంది. మనది నిజాం కారు కాదు, నిజమే. కానీ 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపం మారకుండా ఉన్న సొంత కారుని వింటేజ్ వాహనంగా రిజిస్టరు చేయించుకోవచ్చు. దానికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. పెదనాన్న కారు 1978 నాటిది. 2028లో దానికి యాభై నిండుతాయి.

ఆ రోజు లారీ ఎక్కేముందు పెద్దమ్మ నాలుగు నిమ్మకాయలు తెచ్చింది. కొత్త కారుకి పెట్టినట్టే ఒక్కో టైరు కింద ఒక్కోటి పెట్టి బొట్టు పెట్టింది. ఒకటి కారుదే, రెండు కొన్నవి, ఒకటి అరువుది... నాలుగు నిమ్మకాయలూ ఒకేసారి చితికాయి.

అనకాపల్లిలో కారుని దిమ్మల మీద నిలబెట్టాం. టైర్ల మీద బరువు పడకుండా అదే మంచిది. మర్నాడే అరువు టైరు చోడవరం చేర్చాం, కూడా ఓ హల్వా పొట్లం. పెద్దాయన టైరుని మళ్లీ గుట్టలోకి దొర్లించి, పొట్లం విప్పుతూ అన్నాడు...
‘‘ఇంజను బాగయ్యాక ఓపాలి ఇటు తోలుకొచ్చీండి బాబూ, సూస్తాను.’’