ఇంటిపేరు అడగని గది

కృష్ణాతీరం మద్యనిషేధాన్ని రెండు మారులు చూచింది. ఉమ్మడి మద్రాసు రాష్ట్రమంతటా 1948లో అమలైనది మొదటిది; 1995 జనవరిలో వచ్చి 1997లో సడలినది రెండవది. శాసనం దుకాణానికి తాళం వేయగలదు గాని, త్రాగేవాని దాహానికి వేయజాలదు.

ఆ దాహానికి 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో ఒక ఉపాయం దొరికింది. త్రాగుడుకు బానిసలైన బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ తమ గాథలు ఒకరికొకరు చెప్పుకొని తేరుకున్నారు. 'ఆల్కహాలిక్స్ అనానిమస్' అట్లా పుట్టింది. అక్కడ రుసుము లేదు. మానాలన్న కోరికే అర్హత. ఇంటిపేరు అడగరు.

ఇంటిపేరు చెప్పగానే ఊరూ, కులమూ తెలిసిపోయే మన డెల్టాలో ఇది స్వల్పవిషయం కాదు. దివిసీమ పల్లెలో ఫలానావాడు త్రాగుతాడని అందరికీ తెలుసును. మానదలచినాడని తెలియడమే అతనికి సిగ్గు!

బెజవాడ ప్రాంతంలో సమావేశం ఎక్కడ జరుగుతున్నదో తెలియనివారు 14446 అనే ప్రభుత్వ ఉచిత టెలిఫోను సంఖ్యకు గాని, ప్రభుత్వాసుపత్రిలోని మానసిక వైద్యులకు గాని తమ అవస్థ చెప్పి విచారించవచ్చును. ఏండ్ల తరబడి అమితంగా త్రాగినవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలుగవచ్చును గనుక ముందు వైద్యుణ్ణి చూడడం అవసరం. త్రాగేవారి కుటుంబాలకై 1951లో 'అల్-అనాన్' అనే వేరొక సంస్థ వెలసింది.

మొదటినాడు మాట్లాడనక్కరలేదు. వెనుక కుర్చీలో కూర్చుండి వింటే చాలును. తాను దాచుకున్న కథ మరొకని నోట వినబడిన క్షణాన, ఒంటరినన్న భావం సడలుతుంది.