జీపు ఆయువుపట్టు

మేడిపల్లిలో మా ఇంటి వెనక వేపచెట్టు కింద పదకొండేళ్లుగా కదలకుండా ఉన్న జీపును ఒక ఆదివారం పొద్దున జాకీల మీద లేపాం. మెకానిక్ భాయ్ దాని కింద వెల్లకిలా పడుకుని, చిన్న సుత్తితో ఛాసిస్‌ను వెనక నుంచి ముందుకు తట్టుకుంటూ వచ్చాడు. వెనక యాక్సిల్ దగ్గర ఖంగుమంది. నడుమ కూడా ఖంగుమంది. ముందు కమాన్ కట్ట వేలాడే చోట, స్టీరింగ్ బాక్సు బిగించిన వైపు మాత్రం చప్పుడు మారింది. పగిలిన కుండను తట్టినట్టు బొంగురుగా పలికింది. ఆయన స్క్రూడ్రైవర్ తీసుకుని అక్కడ ఒత్తాడు. రంగు కింద ఇనుము ఉండాల్సిన చోట మొన సగం దాకా దిగిపోయింది. గుప్పెడు తుప్పు ఆయన మొహం మీద రాలింది.

"సార్, ఇంజన్ ముచ్చట తర్వాత. ముందు ఇది చూడుండ్రి," అన్నాడు.

అప్పటికే ఇంజన్ నాచారంలో ఒక లేత్ షెడ్డుకు వెళ్లి వచ్చింది. బోరింగ్ అయింది, కొత్త లైనర్లు పడ్డాయి, క్రాంకు ఇరవై థౌ (అంగుళంలో వెయ్యింట ఇరవై వంతులు) అరగదీశారు. రాణిగంజ్ దుకాణాల చుట్టూ తిరిగి క్లచ్ ప్లేటు, బేరింగులు, సీళ్లు కొనుక్కొచ్చాను. ఛాసిస్ మాత్రం చూడలేదు. పాత జీపు పట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పే ఇది. కంటికి కనిపించే దానితో, చెవికి వినిపించే దానితో మొదలుపెడతాం. బండి బతుకు నిలబడి ఉన్న చోటును చివర చూస్తాం.

ఈ తప్పు ఎందుకు ఇంత సులభంగా జరుగుతుందో అర్థం కావాలంటే జీపు ఎలా పుట్టిందో చూడాలి.

1940లో ఐరోపాలో యుద్ధం ముదురుతుండగా అమెరికా సైన్యం ఒక చిన్న బండి కావాలంది. తేలిగ్గా ఉండాలి, నాలుగు చక్రాలూ లాగాలి. ఒప్పందం కుదిరిన రోజు నుంచి నమూనా బండికి ఇచ్చిన గడువు 49 రోజులు. పెన్సిల్వేనియాలోని బట్లర్ అనే ఊళ్లో అమెరికన్ బాంటమ్ అనే చిన్న కంపెనీ ఉండేది, అప్పటికే చితికిపోయి ఉంది. అది కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరును పిలిపించుకుంది. ఆయన జులై 17న పని మొదలుపెట్టి రెండు రోజుల్లో నక్షాలు గీసేశాడు. సెప్టెంబరు 23న సాయంత్రం 5 గంటల గడువుకు అరగంట ముందు ఆ బండి హోలాబర్డ్ సైనిక శిబిరం గేటు దాటి లోపలికి వెళ్లింది.

బాంటమ్‌కు అన్ని బండ్లు చేసే స్తోమత లేదు. అందుకని సైన్యం ఆ నమూనాను విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు కూడా చూపించింది. విల్లీస్ దగ్గర మంచి ఇంజన్ ఉంది. 2,199 సీసీ, 60 హార్స్‌పవర్. మిగతా ఇద్దరి ఇంజన్లూ దాని ముందు నిలబడలేకపోయాయి. కానీ వాళ్ల బండి బరువెక్కువ. సైన్యం పెట్టిన హద్దు 2,160 పౌండ్లు, అంటే 980 కిలోలు. దానికంటే వంద కిలోలకు పైగా ఎక్కువ తూగింది. విల్లీస్ ఇంజనీర్లు బండిని పూర్తిగా విప్పి ప్రతి ముక్కనూ తూచారు. అవసరానికి మించి పొడుగున్న బోల్టులను కోశారు, రంగు కూడా పల్చగా వేశారు. అలా హద్దులోకి తెచ్చారు. యుద్ధం ముగిసేలోగా విల్లీస్, ఫోర్డ్ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి.

మా వేపచెట్టు కింది బండి దాకా వచ్చిన గుణం ఒకటి అక్కడే అబ్బింది. ఫోర్డ్ చేసిన ముక్క విల్లీస్ బండికి అతకాలని సైన్యం పట్టుబట్టింది. యుద్ధంలో మూడు బండ్లు పాడైతే వాటిలోంచి ఒక్క మంచి బండి రాత్రికి రాత్రి నిలబడాలి. రేకు పెట్టె బోల్టులతో ఛాసిస్ మీద కూర్చుంటుంది. ఇంజన్, గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, యాక్సిళ్లు దేనికది విడిగా ఊడివస్తాయి. నాలుగు పానాలు, ఒక జాకీ, కండ ఉన్న ఇద్దరు మనుషులు చాలు. ఇంత సులువుగా విడి భాగాలయ్యే యంత్రానికి దానంతట అదే చావు రాదు. ఇంజన్ పోతే ఇంజన్ మారుస్తాం, యాక్సిల్ పోతే యాక్సిల్. 'ఇంకొక్క ముక్క మారిస్తే లేస్తుంది' అన్న ఆశ ఎప్పుడూ మిగిలే ఉంటుంది. నా దృష్టిలో జీపు గొప్పతనం అదే, దాన్ని ఎప్పుడు వదలాలో తేల్చుకోవడం కష్టమయ్యేదీ అందువల్లే.

యుద్ధం అయ్యాక విల్లీస్ 1945లో రైతుల కోసమని సీజే పేరుతో మామూలు జనం జీపు తెచ్చింది. 1953లో సీజే-3బీ వచ్చింది. మన ఊళ్లలో జీపు అనగానే కళ్లముందు మెదిలే ఎత్తు బానెట్ బండి అదే. ఆ ఎత్తుకు కారణం ఇంజనే. పాత ఇంజన్‌లో రెండు రకాల వాల్వులూ పక్కన, బ్లాకులోనే ఉండేవి. హరికేన్ అనే కొత్త ఇంజన్‌లో గాలి పీల్చే వాల్వులను పైకి, హెడ్‌లోకి ఎక్కించారు. పొగ వదిలేవి కిందే ఉండిపోయాయి. పీల్చే వాల్వులు పెద్దవి చేసుకునే చోటు దొరికింది, బలం 70 హార్స్‌పవర్ దాటింది. దాంతోపాటు ఇంజన్ కూడా పొడుగైంది. బానెట్‌ను పైకెత్తక తప్పలేదు. అమెరికాలో ఈ రకం 1968లో ఆగిపోయింది. మన దేశంలో మహీంద్రా లైసెన్సు తీసుకుని ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు చేసింది.

హైదరాబాద్‌లో ఉప్పల్ రోడ్డు మీద పెరిగినవాళ్లకు ఆ బండి బాగా ఎరుక. 1961లో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఇక్కడే హబ్సిగూడ దగ్గర మొదలైంది. సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉప్పల్‌లోనే ఉంది. భూమిని కొలవాలన్నా, రాళ్ల లోతు తెలుసుకోవాలన్నా, ఊరూరా తిరిగి కరెంటు స్తంభాలు లెక్కపెట్టాలన్నా ఆ రోజుల్లో జీపే దిక్కు. సర్కారు జీపులకు వయసు మీరితే కండెమ్ చేసి వేలం వేసేవాళ్లు. మా నాన్న అలాంటి ఒక వేలంలోనే 1973 మోడల్ బండి పాడుకున్నాడు. అప్పుడు మేడిపల్లి అంటే వరంగల్ రోడ్డు పక్కన వరి మడులు, జొన్న చేలు. మా పొలానికి ఎరువు బస్తాలూ అందులోనే, పెళ్లి సామానూ అందులోనే.

1992 మేడారం జాతరకు మేం తొమ్మిది మందిమి ఆ జీపులో వెళ్లాం. జంపన్న వాగు ఇసుకలో ముందున్న వ్యాను దిగబడి, దాని చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి. నాన్న జీపు ఆపి, పొడుగు గేర్ రాడ్ పక్కన ట్రాన్స్‌ఫర్ కేసుకున్న రెండు చిన్న రాడ్‌లు చూపించాడు. "ముందు నడిమిది. అప్పుడు ముందు చక్రాలు కూడా గుంజుతయి. తర్వాత కుడి చేతి దిక్కుది," అన్నాడు. రెండోది పడగానే ఇంజన్ గొంతు మారింది. బండి ఎద్దులా తల వంచుకుని మెల్లగా, ఎక్కడా జారకుండా వాగు దాటింది.

ఆ పట్టు ఎక్కడిదో తర్వాత లెక్క వేసుకున్నాను. సీజే-3బీలో మొదటి గేరు దాదాపు 2.8 రెట్లు తగ్గిస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేసులోని లో గేరు మరో 2.46 రెట్లు, యాక్సిల్‌లో క్రౌన్ పినియన్ 5.38 రెట్లు. మూడింటినీ గుణిస్తే 37. ఇంజన్ 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం ఎన్ని రెట్లు తగ్గితే లాగే బలం అన్ని రెట్లు పెరుగుతుంది. పళ్ల రాపిడిలో కొంత పోతుందనుకోండి. చక్రం నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఇసుకను తవ్వదు, అదిమి పట్టుకుంటుంది.

ఆ రోజు వాగు నీళ్లు ఛాసిస్‌లోకి కూడా వెళ్లాయి. ఛాసిస్ అంటే సి అక్షరం ఆకారంలో వంచిన రెండు పొడుగాటి ఉక్కు పట్టీలు, వాటిని కలుపుతూ అడ్డపట్టీలు. బరువెక్కువ పడే చోట సి నోటిని మరో పట్టీతో మూసి గొట్టంలా చేస్తారు. బలం పెరుగుతుంది, కానీ లోపలికి వెళ్లిన నీరూ బురదా బయటికి రావు. తుప్పుకు ఇనుము, నీరు, ఆక్సిజన్ ఉంటే చాలు. తడి బురద కింద ఆక్సిజన్ తక్కువ, అంచుల్లో ఎక్కువ. ఆ తేడాతో ఉక్కు ముక్క మీదే చిన్న బ్యాటరీలు ఏర్పడతాయి. ఆక్సిజన్ తక్కువున్న వైపు ఇనుము కరుగుతూ పోతుంది. పుట్టిన తుప్పుకు ఇనుము కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ చోటు కావాలి. అది పొరలుగా ఉబ్బి, అతికిన పట్టీలను విడదీస్తుంది, కొత్త ఇనుమును గాలికి చూపిస్తుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. హైదరాబాద్ సముద్రానికి దూరం, ఉప్పుగాలి లేదు. కాకినాడ, విశాఖ బండ్లతో పోలిస్తే మనవి ఎక్కువ కాలం నిలుస్తాయి. కానీ మూసిన గొట్టంలో చిక్కిన బురదకు ఎక్కడైనా ఒకటే పని.

మా బండికి ఇంకో దెబ్బ తగిలింది. పెట్రోలు భరించలేక నాన్న హరికేన్ ఇంజన్ తీయించి డీజిల్ ఇంజన్ పెట్టించాడు. ఆ రోజుల్లో చాలామంది చేసిన పనే. పెట్రోలు ఇంజన్ గాలిని ఏడు రెట్లు నొక్కితే డీజిల్ ఇరవై రెట్ల దాకా నొక్కుతుంది. దెబ్బ గట్టిగా పడుతుంది, ఇంజన్ బరువూ అదురూ పెరుగుతాయి. పెట్రోలు ఇంజన్‌ను మనసులో పెట్టుకుని గీసిన ఛాసిస్ మీద ఆ అదురంతా ఇరవై ఏళ్లు పడింది. భాయ్ వైర్ బ్రష్‌తో రుద్ది, కిరోసిన్ పూసి తుడిచి, సుద్దపొడి చల్లాడు. కాసేపటికి తెల్లటి పొడి మీద వెంట్రుకంత సన్నటి నల్లగీత తేలింది. పగులులో ఇంకిన కిరోసిన్ మెల్లగా పైకి ఊరి గీసిన గీత అది. ఇంజన్ మౌంటింగ్ దగ్గర మొదలై కింది అంచు దాకా వెళ్లింది.

ఛాసిస్ వంగిందో లేదో చూడటానికి ఆయన చేసిన పని నాకు ఎంతో నచ్చింది. తాపీమేస్త్రీ వాడే తూకం గుండును కమాన్ కట్ట బోల్టుల నుంచి నేల మీదకి వదిలి, నాలుగు చోట్ల సుద్దతో గుర్తులు పెట్టాడు. ఎడమ ముందు నుంచి కుడి వెనకకు, కుడి ముందు నుంచి ఎడమ వెనకకు నూలు దారం పట్టి కొలిచాడు. ఇంటి పునాది గీసేటప్పుడు మూలలు కుదిరాయో లేదో చూసేది ఇలాగే. రెండు కర్ణాలూ సమానంగా ఉండాలి. మాకు రెండు వేళ్ల తేడా వచ్చింది. అలాంటి బండికి ఎంత కొత్త స్టీరింగ్ వేసినా తిన్నగా నడవదు. టైర్లు ఒకపక్క అరుగుతూనే ఉంటాయి.

వెల్డింగ్ చేయలేమా అని అడిగాను. చేయొచ్చు. పగులు ఒక్కటే అయితే, చుట్టూ మంచి ఇనుము ఉంటే, కొస దగ్గర చిన్న బెజ్జం వేసి పగులు పాకకుండా ఆపి, లోతుగా వెల్డ్ చేసి పట్టీ వేస్తే నిలుస్తుంది. తుప్పు తిన్న చోట మాత్రం వెల్డింగ్ పట్టుకోవడానికి ఇనుమే ఉండదు. పట్టీ గట్టిగా ఉంటుంది, పక్కనున్న పాత రేకు మెత్తగా ఉంటుంది. పగులు ఆ రెంటి సరిహద్దులో మళ్లీ పుడుతుంది. అదీ స్టీరింగ్ బాక్సు వేలాడే చోట. ఎలివేటెడ్ కారిడార్ స్తంభాల పక్కన, లారీల నడుమ, గుంతల్లో ఉప్పల్ దాకా వెళ్లే బండి అది. అందులో నా పిల్లలు కూర్చుంటారు.

వేరే ఛాసిస్ తెచ్చి వేయడం ఇంకో దారి. హర్యానాలోని మండీ డబ్‌వాలీ లాంటి చోట్ల పాత జీపుల ముక్కలతో కొత్త జీపులు నిలబెడతారు, చూడటానికి ముచ్చటగా ఉంటాయి. కానీ చట్టం దృష్టిలో బండి అంటే ఛాసిస్ మీద కొట్టిన నంబరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపం మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. 2021లో యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది. 1973 మోడల్ కదా అని ఆశపడ్డాను. ఇంజన్, బాడీ, ఛాసిస్ పుట్టినప్పటి రూపంలోనే ఉండాలన్నది దాని షరతు. మా హరికేన్ ఏనాడో తుక్కుకు పోయింది. మామూలు రీరిజిస్ట్రేషన్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. డబ్బు కట్టినా ఫిట్‌నెస్ పరీక్షలో నిలబడాల్సింది ఆ ఛాసిసే.

అప్పటికి పెట్టిన ఖర్చు గుర్తొచ్చి రెండు వారాలు ఎటూ తేల్చుకోలేకపోయాను. పోయిన చోటే వెతుక్కోవాలని మన పెద్దలు అంటారు. తప్పిపోయిన ఉంగరానికి ఆ మాట సరిపోతుంది. జీపుకు సరిపోదు. ఇంజన్‌కు పోసిన డబ్బు ఛాసిస్‌కు బలం ఇవ్వదు. అడగాల్సింది ఒక్కటే: ఈ రోజు, ఈ స్థితిలో, ఎవరైనా ఈ బండిని నాకు ఊరికే ఇస్తామంటే తీసుకుని బాగుచేస్తానా? చేయను. ఆ జవాబు నా నోటి నుంచే వచ్చాక భాయ్‌కి ఫోన్ చేశాను.

"మంచిగ ఆలోచించిన్రు సార్. ఇది పోతే ఇంకో మూడు బండ్లు బతుకుతయి," అన్నాడు.

విప్పడానికి రెండు రోజులు పట్టింది. నాచారంలో బాగైన ఇంజన్‌ను నారపల్లిలో బోర్లు వేసే ఒకాయన తన కంప్రెషర్‌కు తీసుకెళ్లాడు. వెనక యాక్సిల్ భువనగిరి వైపు వెళ్లింది. ఛాసిస్‌ను తుక్కుకు వేసి, బండి ఇక లేదని చట్టం అడిగినట్టు పద్నాలుగు రోజుల లోపే రాసిచ్చి, ఆర్‌సీ అప్పగించి వచ్చాను.

ట్రాన్స్‌ఫర్ కేసు కోసం ఘట్‌కేసర్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. తాత జీపును లేపుతున్నాడట. ఛాసిస్ చూసుకున్నావా బాబూ అని అడిగాను. "చూసిన అంకుల్, దారం పట్టి కొలిచిన," అన్నాడు. భాయ్ కేసు మూత తీశాడు. నల్లటి నూనె తుడిస్తే పళ్లు ఎక్కడా చిట్లకుండా మెరుస్తున్నాయి. కుర్రాడు వేపచెట్టు కింద గొంతుక్కూర్చుని రెండు రాడ్‌లనూ అటూ ఇటూ ఆడించి చూశాడు. ఏది ముందు వేయాలని అడిగాడు.

అతని చెయ్యి పట్టుకుని నడిమి రాడ్ మీద పెట్టాను.