పాత ఇంటి బాత్రూమ్‌కు చెమ్మ పడితే

పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం పాతవీధుల ఇళ్లలో చాలావాటికి బాత్రూమ్ ఇంటితోపాటు పుట్టింది కాదు. రాతి, మట్టి గోడల మిద్దెగానో పెంకుటిల్లుగానో ఇల్లు ముందే ఉంది. వంటింటి వెనకో పెరటి మూలనో బండలు పరిచిన స్నానాల చోటుకు తర్వాత గోడ లేచింది, కుళాయి వచ్చింది, ఆ తర్వాత కమోడ్, గీజరు చేరాయి. ఒక్కో తరం ఒక్కో పని చేయించడంతో ఏ పైపు ఏ గోడలో ఎటు పోతోందో ఇంట్లోవాళ్లకే తెలియదు. చివరికి పక్కగది గోడ ఉబ్బి, సున్నం పెచ్చులూడి, అడుగున తెల్లగా ఉప్పు పూసినప్పుడు గాని సంగతి బయటపడదు.

అప్పుడు అందరూ ముందుగా చేసేది టైల్స్ షాపుకు వెళ్లడం. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు అన్నిటికన్నా చివర చేయాల్సిన పని అది. కారుతున్న గోడ మీద కొత్త టైల్స్ అంటిస్తే నీరు ఆగదు, మరో చోట తేలుతుంది.

నీరు ఎక్కడిదో కనిపెట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, మోటారు ఆపి, మిద్దె మీది ట్యాంకులో నీటిమట్టానికి గుర్తు పెట్టాలి. తెల్లవారేసరికి మట్టం దిగితే ట్యాంకుకూ కుళాయికీ మధ్య పైపు ఎక్కడో కారుతున్నట్టు. పాత ఇనుప పైపులు గోడలోపలే తుప్పుపట్టి చిల్లులు పడడం మామూలే. మట్టం దిగకపోతే నేలను అనుమానించాలి. నీళ్లుపోయే రంధ్రాన్ని గుడ్డతో బిగించి, నేల మీద రెండంగుళాల నీళ్లు కట్టి, ఒక రోజంతా ఉంచి బయటి గోడ అడుగు చూడాలి. ఆ నీళ్లలో కాస్త నీలిమందు కలిపితే, ఊట ఎక్కడ బయటపడ్డా రంగు పట్టిస్తుంది. మట్టి గోడల ఇంట్లో మాత్రం వాటర్‌ప్రూఫ్ పూత వేయకముందు ఈ నీళ్లు కట్టే పరీక్ష వద్దు, ఉన్న గోడకు అదే చేటు. నేల కూడా నిలిచిందంటే మిగిలేవి పైకప్పు, పునాది, లేదంటే గదిలోని ఆవిరి. గోడకు ఒక పాలిథీన్ ముక్కను నాలుగు పక్కలా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచితే ఆవిరో కాదో తేలుతుంది. ముక్క వెనక తడి చేరితే చెమ్మ గోడలోంచి వస్తున్నట్టు. ముందువైపు మాత్రమే తడిస్తే అది వేడినీళ్ల ఆవిరి, దానికి గాలి ఆడే కిటికీ చాలు.

పాత వీధుల్లో మరో చిక్కు ఉంది. సిమెంటు రోడ్డు మీద రోడ్డు, కాలువ మీద కాలువ వేస్తూపోతే వీధి ఎత్తు పెరుగుతుంది, ఇల్లు కిందికి మిగిలిపోతుంది. బాత్రూమ్ నీళ్లు బయటికి పోయే బదులు వానకాలంలో కాలువ నీళ్లే లోపలికి తంతాయి. దీనికి బాత్రూమ్ నేలను ఎత్తాలి, లేదా పైపు దారి మార్చాలి.

కారణం తెలిశాక గోడను విప్పి ఆరబెట్టాలి. ఈ ఊళ్లన్నీ సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైనే ఉన్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు, ఆ వెంటనే చలి. ఆ నెలల్లో గోడ ఆరమన్నా ఆరదు. 2021 నవంబరు వానలకు చిత్తూరు జిల్లాలో మట్టి గోడలు నానిన తీరు చూసినవారికి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. పని పెట్టుకోవడానికి ఫిబ్రవరి నుంచి మే వరకే అదను. ఉప్పు పూసిన పూతను, తడి ఎక్కినంత మేర కంటే అడుగు పైదాకా చెక్కేసి, ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపాలి. నీళ్లతో కడిగితే అది తిరిగి గోడలోకే ఇంకుతుంది. వారాల తరబడి ఆరనివ్వడానికి కూలి ఖర్చు లేదు, కావలసింది ఓపిక. మేస్త్రీలు తొందరపెట్టేది సరిగ్గా ఇక్కడే.

మట్టితో, సున్నంతో కట్టిన గోడకు బయటివైపు మళ్లీ సిమెంటు పూత పూయిస్తే చెమ్మ లోపలే బందీ అవుతుంది. అటువైపు సున్నం పూత ఉంటే గోడ ఊపిరి పీలుస్తుంది. అలాంటి గోడను పైపుల కోసం గాడి కొట్టనివ్వకూడదు. సీపీవీసీ పైపులను గోడపైనే క్లాంపులతో బిగించుకుంటే చూపుకు అంత బాగుండదు గానీ, కారితే కంటికి కనిపిస్తుంది, ఎల్బో మార్చడానికి గోడ పగలగొట్టే పని ఉండదు. అందం కోసం ఈ సౌకర్యాన్ని వదులుకోవడం తెలివైన పని కాదు. పైకప్పు పాత సిమెంటు రేకులదైతే వాటిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. ఆ నారల పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం కాబట్టి కోయకుండా, పగలగొట్టకుండా, తడిపి రేకును రేకుగానే దించాలి.

అసలు డబ్బు పెట్టాల్సింది నేల మీద. వాటం సరిగా లేకుంటే ఎంత ఖరీదైన టైల్ వేసినా మూలల్లో నీళ్లు నిలుస్తాయి. ఏడడుగుల పొడవుకు అంగుళం వాటం, నీళ్లుపోయే ట్రాప్ వైపు, ఉండాలి. ట్రాప్‌లో రెండంగుళాల నీరు ఎప్పుడూ నిలిచి ఉండాలి. కాలువ వాసనను, బొద్దింకలను ఆపేది అదే. నేలా గోడా కలిసే మూలను మాలుతో గుండ్రంగా మలిచి, దాని మీద సిమెంటు, ద్రవం కలిపి పూసే వాటర్‌ప్రూఫ్ పూతను రెండు చేతులు వేయించాలి. నేలంతా, గోడల మీద అడుగు ఎత్తు, స్నానం చేసే చోట ఆరడుగుల ఎత్తు దాకా పూయాలి. ఆరాక మళ్లీ ట్రాప్ బిగించి ఒకటి రెండు రోజులు నీళ్లు కట్టి చూడాలి. నీటిమట్టం తగ్గకుండా, గోడ అవతల చెమ్మ కనిపించకుండా ఉంటేనే టైల్స్ పనివాడిని పిలవాలి.

పొదుపు చేయగలిగింది టైల్స్‌లోనే. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు గది గోడలకు ఏడడుగుల ఎత్తున టైల్స్ వేస్తే, తలుపు పోగా 150 చదరపు అడుగులు పడతాయి. చుట్టూ నాలుగడుగులే వేసి, స్నానం చేసే మూల రెండు వైపులా మూడేసి అడుగుల మేర మాత్రం ఏడడుగుల దాకా వేస్తే 104తో సరిపోతుంది. టైల్స్‌లోనూ కూలిలోనూ దాదాపు మూడో వంతు మిగులు. నేలకు కుప్పం చుట్టుపక్కల దొరికే గ్రానైట్ ముక్కలు పనికొస్తాయి, కాకపోతే నునుపు పట్టించనివే తీసుకోవాలి. కడప నల్లరాయి చవకే గానీ అది సున్నపురాయి జాతి. బాత్రూమ్ యాసిడ్‌తో కడిగితే పొర తినేస్తుంది. టైల్స్ సందుల్లోని గ్రౌటునూ ఆ యాసిడే తినేస్తుంది కనుక బోరు నీళ్ల తెల్లచారల కోసం దాన్ని వాడడం మానాలి. ఇక్కడి బోర్లు వెయ్యి అడుగులు దాటడం వింత కాదు; ఆ నీటి ఉప్పు షవర్ రంధ్రాలను, గీజరు కాయిల్‌ను పట్టేస్తుంది. ఖరీదైన షవర్ కొనడం కంటే విప్పి కడుక్కోగలిగే మామూలుది నయం.

తడిగోడలో పాత స్విచ్ బోర్డు ఉంటే పని మొదలుపెట్టిన రోజే కరెంటు తీయించి, బోర్డును గది బయటికి మార్పించాలి. గీజరు లైనుకు ఎర్త్, 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) పెట్టించాలి. ఎంత బిగుసుకున్న బడ్జెట్‌లోనైనా వదలకూడని ఖర్చు ఇదే. కిటికీ లేని గది అయితే పైన ఒక జాలీ తెరిపించి, తలుపు కింద అరంగుళం సందు వదలాలి.