తేనెపెట్టెలో పుల్లటి వాసనా? ముందు పిల్లతెట్టె చూడండి

పొద్దుగూకే వేళ తోటలో తేనెపెట్టె దగ్గరికెళితే ఒక్కోసారి పుల్లటి వాసన గుప్పుమంటుంది. తెగులొచ్చిందని కంగారుపడి మూత ఎత్తేస్తారు కొందరు. ఆగండి. పగలు ఈగలు తెచ్చిన మకరందంలో నీళ్లెక్కువ. రాత్రి రెక్కలతో విసిరి ఆ నీటిని ఆవిరి చేస్తాయి. ఆ గాలి వాకిట్లోంచి బయటికొస్తుంది. పూతను బట్టి వాసన మారుతుంది. తెల్లారి ఈగలు మామూలుగా పనికెళుతుంటే భయం లేదు.

కామవరపుకోట మెట్టలో కల్లు ముంత వాసన తెలియని వారుండరు. పెట్టెలో అలాంటి వాసనే వస్తే తేనె పులిసిందని అనుమానించండి. వానాకాలం చెమ్మకో, మిగిలిన చక్కెర పాకం వల్లో అలా అవుతుంది. మైనం మూతలు వేయని తేనె తీయకండి, డబ్బాలో పోసినా పులుస్తుంది.

కుళ్లు వాసనైతే మాత్రం వాయిదా వేయొద్దు. పొగపెట్టి, పిల్లతెట్టెను ఎండకేసి చూడండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లపురుగు ముత్యంలా తెల్లగా, గది అడుగున చుట్టుకుని ఉంటుంది. పసుపు, గోధుమ రంగుకు తిరిగి, మెలికపడి, మూత వేయకముందే చస్తుంటే అది యూరోపియన్ ఫౌల్‌బ్రూడ్. చెడిన తెట్టెలు తీసేసి, రాణిని మార్చి, బలమైన గుంపుగా ఉంచితే చాలావరకు కోలుకుంటుంది.

మూతలు లోపలికి కుంగి, చిల్లులుపడి, వడ్రంగి కాచే జిగురులాంటి కంపు కొడితే అగ్గిపుల్ల గుచ్చి లాగండి. అంగుళం పొడవు తీగ సాగిందా, అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ కావచ్చు. మన పుట్టతేనెటీగల్లో ఇది అరుదు, ఇటాలియన్ ఈగలు కొన్నవారు కనిపెట్టి ఉండాలి. దీని బీజాలు దశాబ్దాలు బతుకుతాయి. రోగమని తేలితే తెట్టెలు, చట్రాలు గోతిలో వేసి కాల్చడమే. కష్టమే గానీ, ఒక్క పెట్టె మీద మమకారంతో పది పెట్టెలు పోగొట్టుకోకూడదు కదా!

వాసన లేదు గనక జబ్బు లేదనుకోకండి. 1991-92లో దక్షిణాదిలో పుట్టతేనెటీగలను ఊడ్చేసిన థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్‌కు పెద్దగా కంపు ఉండదు. పురుగు తల పైకెత్తి, నీళ్లసంచిలా మారి చస్తుంది. దానికి మందు లేదు.

మరో మాట. బాగా పండిన అరటిపండు వాసన వస్తే అది రోగం కాదు, ఈగలకు కోపమొచ్చింది! కుట్టినప్పుడు వదిలే హెచ్చరిక వాసన అది. మూతపెట్టి నాలుగడుగులు వెనక్కి రండి.

టెట్రాసైక్లిన్ లాంటి మందులు పాకంలో కలిపి పెట్టొద్దు, తేనెలోకి దిగుతాయి. అనుమానమున్న పెట్టెలోని తెట్టెను వేరే పెట్టెకు మార్చొద్దు. కత్తి, పనిముట్లు మంటమీద కాల్చి వాడండి. చెడిన తెట్టె ముక్కను కాగితంలో చుట్టి ఉద్యానశాఖ అధికారికి చూపించండి. తేనెటీగలపై పరిశోధన జరిగిన విజయరాయి కూడా మనకు దగ్గరే, అక్కడా అడగవచ్చు.