20,000 ఎంఏహెచ్ అంటే చేతికొచ్చేది ఎంత? ఫ్యామిలీ ట్రిప్‌కీ, ఆఫీస్ ల్యాప్‌టాప్‌కీ ఒకే పవర్ బ్యాంక్ కొనేముందు

పవర్ బ్యాంక్ కొనేటప్పుడు మనలో చాలామంది చూసేవి రెండే. బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న ఎంఏహెచ్ నంబర్, దాని పక్కన ధర. 10,000 అయితే చిన్నది, 20,000 అయితే పెద్దది, అంతే లెక్క. ఒక్కరికి, ఒక్క ఫోన్‌కి అయితే ఆ లెక్కతో పని అయిపోతుంది. నలుగురు కలిసి మూడు రోజులు ఊరెళ్తూ, ఆ నలుగురిలో ఒకరికి సరిగ్గా ఆ వారమే ఆఫీస్ ఆన్‌కాల్ పడితే మాత్రం అవ్వదు.

మొన్న అమ్మ, నాన్న, చెల్లితో అరకు వెళ్లే ముందు నా పరిస్థితి అదే. ట్రైన్ టికెట్లు 60 రోజుల ముందే బుక్ చేశాం. ఆన్‌కాల్ రోస్టర్ వచ్చింది పది రోజుల ముందు. ఆన్‌కాల్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక ముక్క: మా టీమ్ చూసుకునే సర్వీస్ ఏ టైమ్‌లో ఆగినా ఆ వారం అలర్ట్ ఒకరి ఫోన్‌కే వస్తుంది, వాళ్లు వెంటనే లాగిన్ అయ్యి చూడాలి. మార్చుకుందామంటే టీమ్‌లో ఎవరూ ఖాళీ లేరు. ట్రిప్ ఆపుదామంటే నాన్న రిటైర్ అయ్యాక అందరం కలిసి వెళ్తున్న మొదటి ట్రిప్ అది. కాబట్టి ల్యాప్‌టాప్ కూడా బ్యాగ్‌లో పడింది, దాంతోపాటు కొత్త పవర్ బ్యాంక్ వెతుకులాట మొదలైంది.

ఫోన్ ఆఫ్ అయితే ఏమేం ఆగుతాయి?

ఇది ముందు ఆలోచించండి, తర్వాత మోడల్ చూడొచ్చు. నా ఫోన్ ఆఫ్ అయితే ల్యాప్‌టాప్ ఫుల్ ఛార్జ్‌లో ఉన్నా ఉపయోగం లేదు. వీపీఎన్ కనెక్ట్ చేయగానే అథెంటికేటర్ యాప్‌లో నంబర్ కొట్టమంటుంది, ఆ యాప్ ఉన్నది ఫోన్‌లో. ఇంటర్నెట్ వచ్చేది కూడా ఫోన్ హాట్‌స్పాట్ నుంచే. హోటల్ బిల్లు, టీ డబ్బులు, ఆటో, అన్నీ యూపీఐ. నాన్న ఫోన్‌లో రిటర్న్ టికెట్ మెసేజ్, హోమ్‌స్టే అడ్రస్. అమ్మ ఫోన్ లేకపోతే ఇంటి దగ్గర పాలవాడికి, పనమ్మాయికి ఎవరూ సమాధానం చెప్పలేరు (ఇది జోక్ కాదు, మా ఇంట్లో ఆమె కూడా ఆన్‌కాల్‌లోనే ఉంటుంది).

కొండ ప్రాంతంలో ఇంకో గొడవ ఉంది. విశాఖ నుంచి అరకు వెళ్లే కిరండూల్ ప్యాసింజర్ దారంతా సొరంగాలే, మొత్తం 58 అంటారు. సొరంగంలోకి వెళ్లగానే సిగ్నల్ పోతుంది, బయటికి రాగానే ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటుంది, మళ్లీ సొరంగం. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు ఫోన్ రేడియో ఎక్కువ పవర్‌తో పనిచేస్తుంది కాబట్టి మీరు ఏమీ చేయకపోయినా బ్యాటరీ తగ్గిపోతూ ఉంటుంది. దానికి తోడు కిటికీ దగ్గర వీడియోలు. ఇంట్లో రాత్రి వరకు వచ్చే ఫోన్ అక్కడ మధ్యాహ్నానికే ఎర్ర రంగులోకి వచ్చేస్తుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడితే చాలా ఆదా అవుతుంది, కానీ ఆన్‌కాల్‌లో ఉన్నవాడికి ఆ అదృష్టం ఉండదు.

ఎంఏహెచ్ వదిలేయండి, వాట్-అవర్ చూడండి

బాక్స్ మీద ఉన్న 20,000 ఎంఏహెచ్ అబద్ధం కాదు. కాకపోతే అది లోపల ఉన్న సెల్స్ లెక్క, 3.7 వోల్టుల దగ్గర. మన ఫోన్‌కి పవర్ బయటికి వచ్చేది 5 వోల్టులు, 9 వోల్టులు ఇలా. వోల్టేజ్ పెంచేటప్పుడు ఎంఏహెచ్ తగ్గుతుంది, కొంత వేడిగా పోతుంది. అందుకే వేర్వేరు వోల్టేజ్‌ల మధ్య ఎంఏహెచ్‌ని పోల్చడం అంటే కిలోలకీ లీటర్లకీ పోటీ పెట్టినట్టు. వాట్-అవర్లలోకి మారిస్తే గొడవ ఉండదు: 20,000 ఎంఏహెచ్ అంటే 20 ఆంపియర్-అవర్లు, దాన్ని 3.7తో గుణిస్తే 74 వాట్-అవర్లు. 10,000 అయితే 37.

ఇందులో కన్వర్షన్‌లో పోయేది పోగా సుమారు 80 నుంచి 85 శాతం చేతికొస్తుంది అనుకోండి. అంటే 74లో 60 చిల్లర. కంపెనీలు దీన్నే బాక్స్ వెనకాల చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని రాస్తాయి. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ తిప్పి చూడండి, 5 వోల్టుల దగ్గర 6,000 ప్రాంతంలో ఒక అంకె కనిపిస్తుంది. మోసం జరిగిందని రివ్యూల్లో ఒక స్టార్ ఇచ్చేవాళ్లు చాలామంది ఈ అంకె చూసి షాక్ అయినవాళ్లే. నిజానికి ఆ అంకె రాసిన కంపెనీయే నయం. రాయని కంపెనీతోనే జాగ్రత్త.

ఇప్పుడు మా ఇంటి లెక్క. 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ అంటే దాదాపు 19 వాట్-అవర్లు. అలాంటివి మూడు: నాది, అమ్మది, నాన్నది. చెల్లిది ఐఫోన్ 13, అది సుమారు 12. మొత్తం 69. ఉదయం అన్నీ ఫుల్ ఛార్జ్‌తోనే బయల్దేరతాయి కాబట్టి రోజు మధ్యలో ఒక్కోదానికి సగం టాప్-అప్ చాలు, 35 అనుకుందాం. నా ఆఫీస్ ల్యాప్‌టాప్ బ్యాటరీ 50 వాట్-అవర్లు, దానికి కూడా సగం పెట్టుకుంటే 25. రెండూ కలిపితే 60. అంటే 20,000 ఎంఏహెచ్ కరెక్ట్‌గా అంచు మీద సరిపోతుంది, 10,000 అస్సలు చాలదు. ఈ లెక్క వేయడానికి ఐదు నిమిషాలు పట్టింది. మీ ఇంటికి మీరు వేసుకోండి, అంకెలు వేరే వస్తాయి.

ల్యాప్‌టాప్ ఉంటే కథ మారుతుంది

ఆన్‌లైన్‌లో 20,000 ఎంఏహెచ్ అని వెతికితే ముందు వరసలో వచ్చేవి ఎక్కువగా 22.5 వాట్ల మోడల్స్. ఫోన్‌కి అవి బాగానే ఉంటాయి. టైప్-సి పోర్ట్ ఉంది కదా అని ల్యాప్‌టాప్‌కి పెడితే చాలాసార్లు ఏమీ జరగదు. కారణం సింపుల్. యూఎస్‌బీ పవర్ డెలివరీలో ఛార్జర్ ముందు నా దగ్గర ఉన్నవి ఇవీ అని లిస్ట్ చెప్తుంది: 5 వోల్టులు, 9, 15, 20 ఇలా. ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా 20 వోల్టులు అడుగుతాయి. 22.5 వాట్ల బ్యాంక్ లిస్ట్ 9 దగ్గరో 12 దగ్గరో ఆగిపోతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లు సర్దుకుని నెమ్మదిగా తీసుకుంటాయి, కొన్ని స్లో ఛార్జర్ అని మెసేజ్ ఇస్తాయి, కొన్ని అసలు పట్టించుకోవు. మీ ల్యాప్‌టాప్ అడాప్టర్ మీద చూడండి. అవుట్‌పుట్‌లో 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉంటే అది 65 వాట్లది. పవర్ బ్యాంక్ కనీసం 45 వాట్లు, 20 వోల్టుల లైన్‌తో ఇవ్వాలి. నేను 65 వాట్లది తీసుకున్నా. 22.5 వాట్ల దానితో పోలిస్తే దాదాపు రెట్టింపు ధర. నాన్న ధర విని, "ఆ డబ్బుకి చిన్న ఫోనే వస్తుంది కదరా" అన్నారు.

కేబుల్ గురించి కూడా ఒక మాట. 60 వాట్ల వరకు మామూలు టైప్-సి టు టైప్-సి కేబుల్ మోస్తుంది. దానికి మించి కావాలంటే లోపల ఈ-మార్కర్ చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ ఉండాలి. డ్రాయర్‌లో ఉన్న పాత కేబుల్ పెట్టి, పవర్ బ్యాంక్ బాలేదు అనడం అన్యాయం.

రెండో రోజు రాత్రి

ట్రిప్ రెండో రోజు. పగలు బొర్రా గుహలు చూశాం. సాయంత్రానికి పవర్ బ్యాంక్ డిస్‌ప్లేలో 61 కనిపిస్తోంది. అమ్మ ఫోన్, చెల్లి ఫోన్ అప్పటికే దాని మీద బతికాయి. ల్యాప్‌టాప్ 20 శాతంలో ఉంది, మధ్యాహ్నం బసలో ఆఫీస్ పని చూసుకోవాల్సి వచ్చింది. ఆరున్నరకి గాలివాన, కరెంట్ పోయింది. కరెంట్‌తో పాటు వైఫై కూడా. ఓనర్ గారు కొవ్వొత్తులు తెచ్చిచ్చి, "ఇక్కడ ఇంతే సార్, ఒక్కోసారి తెల్లారాకే వస్తుంది" అన్నారు. చెల్లికి ఆ చీకట్లో దయ్యాల కథలు గుర్తొచ్చాయి.

ఏడుంబావుకి అలర్ట్. ఒక సర్వర్‌లో డిస్క్ నిండిపోయి, క్లయింట్ వాళ్ల ఆర్డర్లు ఆగిపోయాయి. ఫోన్ 34 శాతం, హాట్‌స్పాట్ ఆన్ చేస్తే అది గంటన్నర కూడా రాదు. 20 శాతం ఉన్న రెండేళ్ల నాటి ల్యాప్‌టాప్ అయితే పావుగంట. పవర్ బ్యాంక్ సి పోర్ట్‌కి ల్యాప్‌టాప్, ఎ పోర్ట్‌కి ఫోన్ పెట్టి కూర్చున్నా. ఒక్కటే పెట్టినప్పుడు 65 వాట్లు ఇచ్చేది, రెండూ పెడితే ల్యాప్‌టాప్‌కి 45, ఫోన్‌కి 18గా పంచుతుంది. స్పెక్స్ పేజీలో టోటల్ అవుట్‌పుట్ అనే లైన్ ఎందుకు చదవాలో అక్కడ తెలుస్తుంది. చవక మోడల్స్‌లో రెండో పోర్ట్ పెట్టగానే ఫాస్ట్ ఛార్జింగ్ మొత్తం పోయి, రెండూ కలిపి 15 వాట్లకి పడిపోతాయి.

సిగ్నల్ వరండా చివర మాత్రమే ఉంది. అమ్మ గొడుగు పట్టుకుని పక్కన నిలబడింది. పాత లాగ్ ఫైల్స్ తీసేసి, సర్వీస్ మళ్లీ లేపి, అన్నీ సరిగ్గా నడుస్తున్నాయని చూసుకునేసరికి గంటా పది నిమిషాలు. పవర్ బ్యాంక్ 17 దగ్గర ఆగింది. "అన్నయ్యా, అయిపోయిందా? నా ఫోన్ 9 పర్సెంట్" అని చెల్లి అప్పటికే కేబుల్ పట్టుకుని రెడీగా ఉంది. పూర్తిగా ఇవ్వలేదు, ఐదు శాతం తీసుకోమన్నా. రాత్రికి ఇంకో అలర్ట్ వస్తే నా ఫోన్‌కి ఏమీ మిగలదు. అలిగింది. అలర్ట్ రాలేదు, కరెంట్ మాత్రం పదకొండుకి వచ్చింది.

మళ్లీ నింపేది ఎప్పుడు?

దీని గురించి ఎవరూ పట్టించుకోరు. 74 వాట్-అవర్ల బ్యాంక్‌ని పాత 10 వాట్ల ఛార్జర్‌తో నింపితే ఎనిమిది గంటల పైనే పడుతుంది. అంటే పదకొండుకి కరెంట్ వస్తే ఏడింటికి కూడా ఫుల్ అవ్వదు. అందుకే ఇన్‌పుట్ కూడా చూడండి. నాది 45 వాట్ల ఇన్‌పుట్ తీసుకుంటుంది, ల్యాప్‌టాప్ అడాప్టర్‌తోనే రెండు గంటల్లో నిండిపోయింది. అడాప్టర్ ఒకటే మోయాలి, అదీ కలిసొచ్చింది.

ట్రైన్‌లో నింపుదాం అనుకోకండి. హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ లాంటి రాత్రి రైళ్లలో పడుకునే ముందు ప్లగ్ పెడదాం అనిపిస్తుంది. కానీ భద్రత కోసం రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు ఛార్జింగ్ పాయింట్లు ఆపేయాలని రైల్వేలో రూల్ ఉంది. ఎక్కగానే పెట్టుకోవాలి, అది కూడా పక్క బెర్త్ వాళ్లు ఇస్తే.

ఫ్లైట్ అయితే 100 వాట్-అవర్ల వరకు పర్మిషన్ అక్కర్లేదు, 100 నుంచి 160 మధ్య ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. చెక్-ఇన్ లగేజ్‌లో అస్సలు పెట్టకూడదు, హ్యాండ్ బ్యాగేజ్‌లోనే. 27,000 ఎంఏహెచ్ అంటే 99.9 వాట్-అవర్లు, ఆ సైజ్ మోడల్స్ ఎందుకు వస్తాయో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. విమానంలో వాడటం మీద కూడా ఆంక్షలు పెరిగాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ నుంచి, ఎమిరేట్స్ అదే ఏడాది అక్టోబర్ నుంచి గాల్లో ఉండగా పవర్ బ్యాంక్ వాడొద్దన్నాయి. అమెరికా నుంచి వచ్చే అన్నయ్యలు, అక్కలు టికెట్ కొన్న ఎయిర్‌లైన్ రూల్ ఒకసారి చూసుకోండి. వాట్-అవర్ అంకె బాడీ మీద చెరిగిపోయి ఉంటే సెక్యూరిటీ దగ్గర తీసేసే అవకాశం ఉంది, కాబట్టి స్టిక్కర్ కాకుండా చెక్కినట్టు ప్రింట్ ఉన్నది నయం.

కొనేటప్పుడు

మా నలుగురిలో ఇద్దరివి టైప్-సి, చెల్లిది లైట్నింగ్, నాన్న పాత బ్లూటూత్ స్పీకర్‌ది మైక్రో యూఎస్‌బీ. మూడు మూతులున్న ఒక పొట్టి కేబుల్ రెండు, మూడు వందల్లో దొరుకుతుంది, ఫోన్లకి అది చాలు. ల్యాప్‌టాప్‌కి మాత్రం అది పెట్టకండి. ఇయర్‌బడ్స్, వాచ్‌లాంటివి చాలా తక్కువ కరెంట్ తీసుకుంటాయి కాబట్టి పవర్ బ్యాంక్ ఏమీ లేదనుకుని ఆగిపోతుంది. లో కరెంట్ మోడ్ ఉన్న మోడల్‌లో బటన్ రెండుసార్లు నొక్కితే సరిపోతుంది, మోడల్‌ని బట్టి మారుతుంది.

ఆఫీస్ ల్యాప్‌టాప్ లేని ఇంటికి నేను 65 వాట్లది కొనమని చెప్పను. అలాంటివాళ్లకి ఒక 20,000 కంటే రెండు 10,000లు మేలు. బరువు పంచుకోవచ్చు, గుంపు రెండుగా విడిపోతే చెరొకటి ఉంటుంది. తిరుమల వెళ్లేవాళ్లకి దర్శనం క్యూలోకి ఫోనే తీసుకెళ్లనివ్వరు, డిపాజిట్ చేయాలి. అక్కడ పవర్ బ్యాంక్ కంటే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోవడం ఎక్కువ పనికొస్తుంది.

బీఐఎస్ గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే ఏ కంపెనీ, ఏ ప్రోడక్ట్ అని వస్తుంది. లిస్టింగ్‌లో ఉన్న పేరుకీ, అక్కడ వచ్చిన దానికీ పొంతన లేకపోతే వెనక్కి పంపేయండి. డెలివరీ వచ్చిన రోజే ఇంకో పని చేయండి: పూర్తిగా నింపి, మీ ల్యాప్‌టాప్‌కి పెట్టి, రెండో పోర్ట్‌లో ఫోన్ కూడా పెట్టి ఒక అరగంట పని చేసి చూడండి. రెండోది పెట్టగానే ల్యాప్‌టాప్ ఛార్జింగ్ ఒక్క సెకన్ ఆగి మళ్లీ రావడం మామూలే. ఆగిపోయి రాకపోయినా, బాడీ చేత్తో పట్టుకోలేనంత వేడెక్కినా, రిటర్న్ గడువు ఇంకా ఉండగానే తెలుస్తుంది.